మూడు రోజుల దారి, ఆరు గంటల ప్రయాణం

హైదరాబాదుకు దక్షిణాన ఉన్న శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న జిద్దా నగరానికి, భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి అయిన మహావృత్తరేఖ వెంట కొలిస్తే, సుమారు 4,100 కిలోమీటర్ల దూరం ఉంటుంది. మధ్యలో ఎక్కడా దిగని విమానం ఈ దూరాన్ని ఐదున్నర నుంచి ఆరు గంటల్లో దాటుతుంది. రెండు నగరాల గడియారాలకు రెండున్నర గంటల తేడా ఉన్నందువల్ల, ఉదయం పది గంటలకు హైదరాబాదులో విమానమెక్కి ఆరు గంటలు ప్రయాణించినవారు మధ్యాహ్నం ఒకటిన్నరకే జిద్దాలో దిగుతారు. ఆ విమానంలో ఇహ్రామ్ ధరించి, అంటే హజ్ లేదా ఉమ్రా యాత్రా దీక్షకు గుర్తుగా కుట్టులేని రెండు తెల్లని వస్త్రాలు కట్టుకుని కూర్చున్న యాత్రికుణ్ణి ఇస్లామీయ ధర్మశాస్త్రం, అనగా ఫిఖ్హ్, ముసాఫిర్, అంటే ప్రయాణికుడు, అనే పేరుతో గుర్తించి, సాధారణ గృహస్థుకు లేని కొన్ని సడలింపులను అతనికి ఇస్తుంది. కాళ్లకు దుమ్మంటకుండా, భోజనం తానున్న చోటికే వస్తుండగా, కునికిపాట్లు పడుతూ ఆరు గంటల్లో గమ్యం చేరే మనిషి, ఎడారిలో ఒంటె మీద వారాల తరబడి నడిచిన మనిషితో సమానంగా బాటసారి అవుతాడా అన్న ప్రశ్న పైకి లెక్కల ప్రశ్నలా కనిపించినా, లోతున అది ప్రయాణమంటే దూరమా, కాలమా, కష్టమా అన్న తాత్త్విక ప్రశ్న.

సడలింపులలో ముఖ్యమైనది ఖస్ర్. నాలుగు రకాతులు, అంటే నిలబడి వంగి సాష్టాంగపడే నాలుగు ఆవృత్తులు, ఉండే మధ్యాహ్నపు జుహ్ర్, సాయంత్రపు అస్ర్, రాత్రి ఇషా నమాజులను ముసాఫిర్ రెండేసి రకాతులకు కుదించి చేస్తాడు. మూడు రకాతుల మగ్రిబ్, రెండు రకాతుల ఫజ్ర్ మాత్రం యథాతథంగా ఉంటాయి. రమజాను ఉపవాసాన్ని ప్రయాణంలో విడిచి, తరువాత వేరే రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు మరొకటి. అయితే పొరుగు వీధికి వెళ్లినవాడు కూడా ఏదో ఒక దూరం వెళ్లినవాడే గనుక, ఎంత వెళితే ప్రయాణమవుతుందో తేల్చవలసిన భారం ధర్మవేత్తల మీద పడింది. అక్కడే వారి దారులు చీలాయి.

షాఫియీ, మాలికీ, హంబలీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయాలు ప్రయాణాన్ని పొడవుతో కొలిచాయి: పదహారు ఫర్సఖులు, అంటే నాటి లెక్కలో నలభై ఎనిమిది మైళ్లు. హైదరాబాదు ముస్లిములలో అత్యధికులు అనుసరించే హనఫీ సంప్రదాయం మూల సూత్రంలో మైళ్ల ఊసు ఎత్తకుండా, మూడు రోజుల నడక అని కాలంతో కొలిచింది. ఆ మూడు రోజులు కూడా రాత్రింబవళ్లు ఆగని పరుగు కాదు. ఏడాదిలో అతి చిన్న పగళ్లను తీసుకుని, పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి మజిలీ చేసే బిడారు నడకను, ఒంటె లేదా పాదచారి మామూలు వేగాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. కొండదారికి కొండ నడక, సముద్రానికి మధ్యరకపు గాలిలో తెరచాప ఓడ వేగం ప్రమాణమని కూడా చెప్పుకున్నారు. తరువాతి కాలంలో ఈ మూడు రోజులను భారతదేశపు హనఫీ ముఫ్తీలలో, అంటే ధర్మనిర్ణయం చెప్పే పండితులలో, పలువురు నలభై ఎనిమిది మైళ్లకు, అంటే 77 కిలోమీటర్ల చిల్లరకు, సమానమని లెక్కగట్టగా, 92 కిలోమీటర్లని తేల్చినవారూ ఉన్నారు. ఏ లెక్క ప్రకారం చూసినా జిద్దా ఆ హద్దుకు నలభై, యాభై రెట్ల అవతల ఉంది గనుక, దూరం విషయంలో సందేహానికి తావు లేదు. కానీ మూల సూత్రం కాలమన్నప్పుడు, సముద్రానికి ఓడ వేగం ప్రమాణమైనట్టే ఆకాశానికి విమానపు వేగాన్ని ప్రమాణంగా తీసుకోవాలని ఎవరైనా వాదిస్తే, మూడు రోజుల విమాన ప్రయాణం పట్టే చోటు భూమ్మీద దాదాపు ఎక్కడా లేదు కాబట్టి, ఏ విమాన ప్రయాణమూ ప్రయాణం కాకుండా పోతుంది. ఈ విపరీతాన్ని తప్పించడానికే ఆధునిక ముఫ్తీలు ఆకాశంలో వెళ్లినా కింది నేల మీది దూరాన్నే లెక్కలోకి తీసుకున్నారు.

దూరాన్నీ కాలాన్నీ ఇలా విడదీసి చూడడం మన తర్కశాస్త్రంలోనూ ఉంది. తెలుగువారని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు పదిహేడవ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం, పరత్వాన్ని, అంటే ఒక వస్తువు అవతలిదని తోచడానికి కారణమైన గుణాన్ని, రెండు రకాలుగా విభజించింది: దూరాన ఉన్న వస్తువులో దిక్కు వల్ల కలిగేది ఒకటి, వయసులో పెద్దవాడిలో కాలం వల్ల కలిగేది మరొకటి. దిక్కు, కాలం వేర్వేరు ద్రవ్యాలు గనుక ఒకదాని పరత్వం తగ్గినంత మాత్రాన మరొకదానిది తగ్గదు. ఈ విభజన పుట్టిన సందర్భం పూర్తిగా వేరైనా, విమానం ఏం చేసిందో స్పష్టంగా చెప్పడానికి అది ఎంతగానో పనికివస్తుంది. విమానం హైదరాబాదుకూ జిద్దాకూ మధ్యనున్న దైశిక దూరంలో ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. దాన్ని దాటడానికి పట్టే కాలాన్ని మాత్రమే తగ్గించింది. నాలుగు వేల కిలోమీటర్లు అవతల ఉన్న ఇల్లు ఎప్పటిలాగే నాలుగు వేల కిలోమీటర్లు అవతలే ఉంటుంది.

విమానం పుట్టుకకు ఎన్నో శతాబ్దాల ముందే ధర్మవేత్తలు ఈ ప్రశ్నను ఊహించి చర్చించారన్నది ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి. పదమూడవ శతాబ్దపు సిరియాకు చెందిన షాఫియీ పండితుడు నవవీ, 1277లో మరణించినవాడు, తన మిన్హాజ్ అనే గ్రంథంలో సముద్రం కూడా నేలవంటిదేనని చెప్పి, ఆ మైళ్లన్నిటినీ ఎవరైనా ఒక్క గడియలో దాటినా నమాజును కుదించుకోవచ్చునని తీర్మానించాడు. తెరచాప ఓడల కాలంలో అంత వేగం ఎవరికీ సాధ్యం కాకపోయినా, సూత్రాన్ని దాని చివరి అంచు దాకా తీసుకువెళ్లి పరీక్షించే శాస్త్రకారుడి నిజాయితీ ఆ వాక్యంలో కనిపిస్తుంది. హనఫీల పక్షాన, ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీ, మూడు రోజుల దారిని గుర్రాన్ని దౌడు తీయించి రెండు రోజుల్లోనో అంతకన్నా తక్కువలోనో దాటినవాడికి కూడా ఖస్ర్ వర్తిస్తుందన్న అభిప్రాయాన్ని నమోదు చేసింది.

ఇంకొక అడుగు ముందుకు వేసినవాడు 1457లో మరణించిన ఈజిప్టు హనఫీ పండితుడు ఇబ్నుల్ హుమామ్. సూఫీ సంప్రదాయంలో తయ్యుల్ అర్జ్ అనే భావన ఉంది. భగవంతుని అనుగ్రహం వల్ల ఒక వలీ, అంటే పుణ్యపురుషుడు, భూమి తన కాళ్ల కింద మడతపడగా క్షణంలో సుదూర నగరానికి చేరడమే అది. అలా మూడు రోజుల దారిని ఒక గడియలో దాటినవాడు మాట ప్రకారం మూడు రోజుల దారి దాటినవాడే అయినా, అతనికి ఖస్ర్ వర్తిస్తుందనడం పొసగదని ఇబ్నుల్ హుమామ్ భావించాడు. ఖస్ర్‌కు కారణం కష్టపు మజిన్నా, అంటే కష్టం ఉండగలదని సహజంగా ఊహించదగిన స్థితి. క్షణంలో చేరినవాడి విషయంలో కష్టాన్ని ఊహించడానికైనా అవకాశం లేదు. 1836లో మరణించిన దమస్కు పండితుడు ఇబ్ను ఆబిదీన్ ఈ చర్చను తన వ్యాఖ్యానంలోకి ఎక్కించడంతో అది తరువాతి తరాలకు అందింది. వేగంగా వెళ్లే మనిషి విషయంలో ధర్మం ఏమిటన్న ప్రశ్నకు ఈ విధంగా నవవీ, ఇబ్నుల్ హుమామ్ రెండు చివరల నిలిచారు.

ఈ తేడా వెనుక ఇల్లత్, హిక్మత్ అనే రెండు పారిభాషిక భావనలు ఉన్నాయి. ఒక విధి ఏ గుర్తుతో ముడిపడి ఉంటుందో, ఆ గుర్తు ఉంటే విధి ఉండి, లేకుంటే విధి లేకుండా పోతుందో, అది ఇల్లత్; ఆ విధి ఏ మేలు కోసం ఏర్పడిందో అది హిక్మత్. ప్రయాణంలో సడలింపుకు హిక్మత్ కష్ట నివారణే అనడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే కష్టం మనిషి మనిషికీ మారేది, బయటి నుంచి కొలవడానికి లొంగనిది కావడం వల్ల, శాస్త్రకారులలో అత్యధికులు దాన్ని ఇల్లత్‌గా తీసుకోకుండా ప్రయాణాన్నే ఇల్లత్‌గా నిలబెట్టారు. అందువల్లనే పల్లకీలో హాయిగా వెళ్లే రాజుకు ఖస్ర్ ఉంటుంది; ఊళ్లోనే ఉండి మండుటెండలో బరువులు మోసే కూలికి ఉండదు. మొదటి చూపులో ఇది అన్యాయంగా తోచవచ్చు. కానీ దీన్ని తిరగవేసి, ప్రతి మనిషీ తన కష్టాన్ని తానే తూచుకుని నమాజును కుదించుకోవాలో లేదో నిర్ణయించుకోవాలంటే ఏమవుతుందో ఆలోచిస్తే శాస్త్రకారుల వివేకం అర్థమవుతుంది. నిష్ఠ గలవాడు తన కష్టం చాలలేదని అనుమానిస్తూ సడలింపును ఎన్నటికీ అందుకోడు. నిష్ఠ లేనివాడికి ప్రతి తలనొప్పీ ప్రయాణమవుతుంది. కిలోమీటర్లను లెక్కించే నియమం, చూడడానికి ఎంత యాంత్రికంగా ఉన్నా, భక్తుణ్ణి తన బాధకు తానే న్యాయమూర్తి కావలసిన దుస్థితి నుంచి తప్పిస్తున్నది.

ఈ వాదానికి బలమైన ఆధారం హదీసు గ్రంథాలలో, అంటే ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన సంకలనాలలో, ఉంది. ఖుర్ఆన్‌లో నమాజును కుదించడానికి అనుమతినిచ్చే వాక్యం శత్రువుల భయాన్ని ప్రస్తావిస్తుంది; ఆ భయం తొలగిపోయిన తరువాత కూడా కుదింపు ఎందుకు కొనసాగుతున్నదని యఅలా ఇబ్ను ఉమయ్యా అనే సహాబీ, అంటే ప్రవక్త సహచరుడు, ఖలీఫా ఉమర్‌ను అడిగినప్పుడు, తనకూ అదే సందేహం కలిగి ప్రవక్తను అడిగాననీ, అది దేవుడు ఇచ్చిన దానమని, దాన్ని స్వీకరించమని ఆయన చెప్పారనీ ఉమర్ బదులిచ్చినట్టు సహీహ్ ముస్లిం నమోదు చేసింది. దానమన్న మాట ఇక్కడ చాలా దూరం వెళుతుంది. అవసరాన్ని బట్టి వచ్చిన సహాయమైతే అవసరం తీరగానే ఆగిపోవాలి. దానానికి ఆ షరతు లేదు. విమాన యాత్రికుడి రెండు రకాతుల నమాజును ఈ దృష్టితో చూస్తే, అతను తనకు చెందని సౌకర్యాన్ని వాడుకుంటున్నవాడిగా కాక, ఇచ్చినదాన్ని నిరాకరించని వినయశీలిగా కనిపిస్తాడు. ఈ పరిశీలనలో నవవీ పక్షమే బలంగా తోస్తుంది. ఇబ్నుల్ హుమామ్ అభ్యంతరం క్షణంలో చేరిన వలీకి వర్తించవచ్చునేమో గాని, ముందురోజు రాత్రి నిద్ర చాలక, ప్రయాణ పత్రాల వరుసలలో గంటలు నిలబడి, అలవాటు లేని నేల మీద దిగే వృద్ధ యాత్రికుడి విషయంలో కష్టపు మజిన్నా ఇంకా మిగిలే ఉంది.

కష్టం తగ్గితే పుణ్యం తగ్గుతుందా అన్నది దీనికి తోబుట్టువైన ప్రశ్న. గోల్కొండ కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రపు రేవులకు నడిచిన తెరచాప ఓడలు ఋతుపవనాల గాలికి కట్టుబడి ఉండేవి. గాలి తిరిగే దాకా తిరుగు ప్రయాణం లేదు గనుక హజ్‌కు వెళ్లడమంటే ఏడాదిపాటు ఇల్లు విడవడం. ఆవిరి ఓడలు వచ్చాక బొంబాయి నుంచి జిద్దాకు వారం పది రోజుల ప్రయాణమైంది; అయినా అంటువ్యాధుల భయంతో 1882 నుంచి ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో యాత్రికులను దింపి, రోజుల తరబడి నిర్బంధంలో ఉంచేవారు. భారతదేశం నుంచి ఓడ మీది హజ్ యాత్ర 1995తో ఆగిపోయింది. ఆ తరాల యాత్రికులు పడిన పాట్లు విన్నవారికి, విమానంలో వెళ్లిన హజ్ ఒక మెట్టు తక్కువదేమోనన్న సంకోచం కలగడం సహజం. ఉమ్రా విషయంలో ప్రవక్త తన భార్య ఆయిషాతో, ప్రతిఫలం పడిన శ్రమనుబట్టీ పెట్టిన ఖర్చునుబట్టీ ఉంటుందన్న అర్థంలో చెప్పిన మాట కూడా ఈ సంకోచాన్ని బలపరుస్తుంది. కానీ అదే ప్రవక్త, నడిచే హజ్ చేస్తానని మొక్కుకుని ఇద్దరు కొడుకుల భుజాల మీద వేలాడుతూ వస్తున్న ముసలివాణ్ణి చూసి, ఆ మనిషి తనను తాను హింసించుకోవడంతో దేవునికి పని లేదని చెప్పి, వాహనమెక్కమని ఆజ్ఞాపించినట్టు బుఖారీ సంకలనం చెబుతుంది. పని కోరిన శ్రమ వేరు, శ్రమ కోసం శ్రమ వేరు. 1111లో మరణించిన గజాలీ తన ఇహ్యా గ్రంథంలో హజ్ ప్రకరణం రాస్తూ, నడక తేలికగా సాగేవాడికి నడకే మేలని, నీరసంతో దుర్భాషకూ చిరాకుకూ లోనయ్యేవాడికి వాహనమే మేలని నిర్ణయించడం ఇందుకే. ఆయన దృష్టిలో యాత్ర పరలోక ప్రయాణానికి ప్రతిరూపం. ఇల్లూ వాకిలీ విడవడం లోకాన్ని విడవడానికి, ఇహ్రామ్ వస్త్రాలు కఫనుకు, అంటే శవవస్త్రానికి, గుర్తులు. ఈ పోలికలలో ఏ ఒక్కటీ ప్రయాణం ఎన్ని గంటలు పట్టిందన్నదాని మీద ఆధారపడలేదు. విడవడం ఆరు గంటల్లోనూ విడవడమే.

కాలాన్ని అంత తేలికగా పక్కన పెట్టడానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే నమాజూ ఉపవాసమూ రెండూ సూర్యుడి కదలికకు కట్టుబడినవి. రమజానులో తెల్లవారుజామున హైదరాబాదులో సహరీ, అంటే ఉపవాసానికి ముందటి భోజనం, చేసి ఉపవాసం మొదలుపెట్టి, పొద్దెక్కాక పడమటికి ఎగిరే యాత్రికుడికి ఆ రోజు మామూలు కన్నా రెండున్నర గంటలకు పైగా పొడవవుతుంది. రెండు నగరాల మధ్యనున్న ముప్పై తొమ్మిది డిగ్రీల రేఖాంశాన్ని, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాటడానికి సూర్యుడికి పట్టే సమయం అంత. ఉపవాసంతో తెల్లవారాక ప్రయాణం మొదలుపెట్టినవాడు ఆనాటి ఉపవాసాన్ని విడవరాదని హనఫీలు, షాఫియీలు, మాలికీలు భావిస్తారు గనుక ఆ పొడుగాటి పగటిని అతను పూర్తి చేయవలసిందే. సూర్యాస్తమయానికి విమానం గాలిలోనే ఉంటే చిక్కు మరింత జటిలమవుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున క్షితిజం మూడు డిగ్రీలకు పైగా కిందికి వంగి కనిపించడం వల్ల, సరిగ్గా కింద ఉన్న ఊళ్లో ఖర్జూరంతో ఇఫ్తార్, అంటే ఉపవాస విరమణ, ముగిసిన పావుగంట దాకా కూడా కిటికీ పక్కన కూర్చున్నవాడి చేతి మీద ఎండ పడుతూనే ఉంటుంది. పళ్లెం మీద ఖర్జూరం సిద్ధంగా ఉన్నా అతను ఆగాలి.

ఈ సన్నివేశానికి కూడా పూర్వ నిర్ణయం ఉంది. అలెగ్జాండ్రియా దీపస్తంభం శిఖరాన ఉన్నవారికి, నగరంలో సూర్యుడు అస్తమించాక కూడా చాలాసేపు సూర్యబింబం కనిపిస్తుంది. వారు ఉపవాసం ఎప్పుడు విడవాలని అడగగా, కింద ఉన్నవారికి విడవడం ధర్మమే, పైన సూర్యుణ్ణి చూస్తున్నవారికి మాత్రం కాదని ఒక పండితుడు తీర్పు చెప్పినట్టు 1191లో మరణించిన హనఫీ శాస్త్రకారుడు కాసానీ తన బదాయిఉస్ సనాయిఅలో నమోదు చేశాడు. నమాజు కుదింపు విషయంలో నేల మీది కొలతకు కట్టుబడిన శాస్త్రం, ఉపవాసం విషయంలో మనిషి కంటికి కనిపించేదానికి కట్టుబడింది. ఇది పరస్పర విరుద్ధంగా కనిపించినా నిజానికి కాదు; దూరం నేల మీదివాడికీ ఆకాశంలోనివాడికీ ఒకటే అయిన సామాన్య విషయం, పొద్దు మాత్రం ఎవరు నిలబడిన చోట వారిది.

దూరమూ కాలమూ ఒకదానితో ఒకటి ఢీకొనే మరొక చోటు మీఖాత్. మక్కా చుట్టూ కొన్ని పదుల మైళ్ల నుంచి కొన్ని వందల మైళ్ల దూరాలలో నిర్ణయించిన స్థలాలవి; యాత్రా దీక్షతో మక్కాకు వెళ్లేవారు ఇహ్రామ్ లేకుండా వాటిని దాటరాదు. యమన్ దిక్కు నుంచి వచ్చేవారికి యలమ్లమ్, నజ్ద్ దిక్కు నుంచి వచ్చేవారికి ఖర్నుల్ మనాజిల్ మీఖాత్‌లు. ఇరాకు ప్రజలు ఖర్న్ తమ దారికి దూరంగా ఉందని మొరపెట్టుకున్నప్పుడు, దానికి సమరేఖలో తమ దారి మీద పడే చోటును చూసుకోమని చెప్పి ఉమర్ జాతు ఇర్ఖ్‌ను నిర్ణయించడంతో, మీఖాత్ ఒక చుక్కగా కాక గీతగా విస్తరించింది. ఓడ యాత్రికులు యలమ్లమ్‌కు సమరేఖలో సముద్రం మీదే ఇహ్రామ్‌లోకి ప్రవేశించడం ఈ సూత్రం వల్లనే సాధ్యమైంది. విమాన సిబ్బంది మీఖాత్ సమీపిస్తున్నదని ప్రకటించడం కూడా దాని కొనసాగింపే. నిమిషానికి దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు పోయే విమానంలో ఆ గీత రెప్పపాటులో దాటిపోతుంది గనుక, నాంపల్లి హజ్ హౌస్‌లోనో విమానాశ్రయంలోనో ముందుగానే వస్త్రాలు ధరించడం వాడుకైంది. పూర్వం మజిలీ చేసి, స్నానం చేసి, గడ్డం దువ్వుకుని, నింపాదిగా దాటిన హద్దు ఇది. గీత మిగిలింది, దాని దగ్గర ఆగడం పోయింది. విమానం వల్ల నిజంగా నష్టం జరిగిందంటే అది ఇక్కడేనని చెప్పాలి.

అదే మూడు రోజుల కొలత స్త్రీల ప్రయాణం విషయంలో వేరే పని చేసింది. మహ్రమ్, అంటే భర్త గాని వివాహం నిషిద్ధమైన దగ్గరి బంధువు గాని, తోడు లేకుండా స్త్రీ ఆ దూరం ప్రయాణించరాదని హనఫీలు పట్టుబట్టగా, విధిగా చేయవలసిన హజ్‌కు నమ్మకమైన స్త్రీల బృందం తోడుగా చాలునని షాఫియీలు, మాలికీలు అంగీకరించారు. నలభై ఐదేళ్లు నిండిన స్త్రీలు నలుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది బృందంగా మహ్రమ్ లేకుండా వెళ్లడానికి భారత ప్రభుత్వం 2018 హజ్ నుంచి అనుమతించింది. 2021లో సౌదీ ప్రభుత్వం కూడా నియమాన్ని సడలించింది. ఖస్ర్ విషయంలో కష్టం తగ్గినా విధి మారరాదని వాదించినవారే ఇక్కడ ప్రమాదం తగ్గింది గనుక విధి మారవచ్చునని ఎలా అంటారని అడిగేవారు ఉంటారు. ఖస్ర్ ఒక దానం, దాన్ని కారణం అడిగి వెనక్కి తీసుకోనక్కర లేదు. మహ్రమ్ నియమం ఒక ఆంక్ష, ఆంక్షను దాని కారణాన్ని దాటి పొడిగించడానికి బలమైన ఆధారం కావాలి. హీరా నగరం నుంచి బయలుదేరిన స్త్రీ దేవునికి తప్ప ఎవరికీ భయపడకుండా కాబా చుట్టూ ప్రదక్షిణ చేసే రోజు వస్తుందని ప్రవక్త అదీ ఇబ్ను హాతిమ్ అనే సహచరుడితో చెప్పినట్టు బుఖారీలోనే ఉండగా, భద్రతను ఆ నియమపు గుండెకాయగా చూసినవారి వ్యాఖ్యానం మూలానికి దూరమైనది కాదు.

చివరికి అన్ని సంప్రదాయాలూ కలిసే ఒక చోటు ఉంది. ఎంత దూరం వెళ్లదలచినా, ఎంత వేగంగా వెళ్లదలచినా, తన ఊరి ఇళ్లను దాటే దాకా మనిషి ముసాఫిర్ కాడు. సంకల్పం ఒక్కటే చాలదు, పయనం మొదలు కావాలి. 2008 మార్చికి ముందు హైదరాబాదు విమానాలు నగరం నడిబొడ్డున ఉన్న బేగంపేట నుంచి ఎగిరేవి గనుక, అక్కడ నమాజు చేసే ప్రయాణికుడు నాలుగు రకాతులూ పూర్తి చేయవలసినవాడేనన్న విషయంలో చర్చకు చోటు లేదు. శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు దానికీ నగరానికీ మధ్య పొలాలూ బండరాళ్ల గుట్టలూ ఖాళీ జాగాలూ ఉండేవి. వాటిని దాటి వచ్చినవాడు ఊరు దాటినవాడేనని, అక్కడే ఖస్ర్ చేయవచ్చునని చెప్పడానికి వీలుండేది. ఇప్పుడు ఆ దారి పొడుగునా కాలనీలు వరుసగా లేస్తున్నాయి. ఇళ్ల వరుస ఎక్కడ తెగితే అక్కడితో ఊరు ముగిసినట్టని శాస్త్రం చెబుతుంది గనుక, ఆ వరుస విమానాశ్రయం దాకా తెగకుండా సాగిన నాడు, జిద్దా విమానం కోసం అక్కడ వేచి ఉన్న యాత్రికుడు జుహ్ర్ వేళకు మళ్లీ నాలుగు రకాతులకు నిలబడవలసి ఉంటుంది.